మోకాలెత్తున తూనీగలు

కంటి ఆపరేషన్ అయిన మనిషికి ఇంట్లో గౌరవం పెరుగుతుంది, పని తగ్గుతుంది. వంగొద్దు, బరువెత్తొద్దు, పొయ్యి దగ్గర నిలబడొద్దు, తలకు నీళ్లు తగలనియ్యొద్దు, ఏడవొద్దు. చివరి మాట డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఎందుకు చెప్పాడో తెలియదు. బతుకంతా జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మనిషిని నేను. కప్పలను కోస్తూ కూడా ఏడ్చిన దాఖలా లేదు.

కాబట్టి నల్ల కళ్లద్దాలు పెట్టుకొని డాబా మీద కుర్చీలో కూర్చోవడమే ఇప్పుడు నా ఉద్యోగం. కోడలు ఎదురుగా దుప్పట్లు ఆరేస్తోంది. పొడుగాటి దుప్పట్లు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

"వాన గిట్ల వస్తదేమో చూసినవా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక.

"ఫోన్ల చూసిన అత్తమ్మా. సాయంత్రం దాకా ఏం లేదు."

ఫోన్ చెప్పాక నేను చెప్పేదేముంది. అప్పుడు వచ్చింది తూనీగ. ఆపరేషన్‌కు ముందైతే అది నాకు ఒక కదిలే మరక. ఇప్పుడు రెక్కల్లో గీతలు కూడా కనిపిస్తున్నాయి, గాజు మీద పెన్సిలుతో గీసినట్టు. దుప్పటి అంచు చుట్టూ తిరిగింది, తీగ మీద వాలలేదు. కిందికి దిగి, బకెట్టు అంచున కూర్చుంది.

నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్లింది. బొటనవేలు, చూపుడు వేలు దగ్గరికి వచ్చాయి. నీడ వెనక్కి పడేటట్టు మోచెయ్యి కొంచెం పక్కకు జరిగింది. ఈ చేతికి బీపీ మాత్ర వేసుకున్నామా లేదా అన్నది గుర్తుండదు. ఇది మాత్రం గుర్తుంది.

*

మాది కరీంనగర్ జిల్లాలో నేతగాళ్ల ఊరు. పేరు చెప్పినా, మీరు అక్కడికి పోతే నేను చెప్పేది ఒక్కటీ కనిపించదు కాబట్టి చెప్పను. నిజాం పోయిన కొత్తలు. బజార్లో నిజాం నాణెం, హాలీ సిక్కా, ఇంకా చెల్లుతుండేది. బడిలో మొదటి ఏడు ఉర్దూ అలీఫ్ బే నేర్పి, రెండో ఏడు అవన్నీ మరిచిపోయి అ ఆ పట్టమన్నారు. అప్పటి నుంచి చదువు పట్ల నాకు కొంచెం జాగ్రత్త.

వాడలో ప్రతి ఇంట్లో గుంట మగ్గం. పొద్దున లేస్తే వినిపించేది కోడికూత కాదు, మగ్గం చప్పుడు. వాసన అంటే గంజి వాసన. నూలుకు పెట్టే గంజి రాత్రే కాచి పెడితే తెల్లారేసరికి కొంచెం పులిసేది. ఆ పులుపు మా గోడల్లో, దుప్పట్లలో, అవ్వ కొంగులో ఉండేది; అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. పెద్ద కాగులోంచి గోరువెచ్చటి గంజి ఒక ముంతెడు దొంగిలించి, ఉప్పేసుకొని తాగడం మా పిల్లల వ్యసనం.

"అది పడుగుకు కాసిన గంజే!" అని అవ్వ అరిచేది. "కడుపులకు పోస్తే ఏమైతది? లోపటికెల్లి గట్టి పడుతవ్!"

గట్టిపడ్డానో లేదో తెలియదు.

తూనీగలు మాకు వానలతోనే వచ్చినా, గుంపులుగా దిగేది వానకాలం చివరన. తంగేడు పూసి, గునుగు తెల్లబడి, బతుకమ్మ దగ్గర పడుతున్నప్పుడు. వాటిని పట్టడంలో వాడలో ఇద్దరమే పేరున్న వాళ్లం, నేనూ, ఖాలా కొడుకూ. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని; మేమంతా అట్లా పిలిచే ఆమె ఇల్లు మా పెరటి వెనక ఉండేది. మా వెనక తలుపు, వాళ్ల వెనక తలుపు ఎదురెదురు. ఆమె మొగుడు గాజుల మలారం మోసుకొని సంతలు తిరిగే మనిషి. ఇంట్లో కంటే దారిలో ఎక్కువ ఉండేవాడు. కొడుకు నాకంటే ఒక ఏడు పెద్ద. ఆ ఒక ఏడు గురించి రోజుకోసారి గుర్తుచేసేవాడు.

వాడి పద్ధతి దూకి పట్టడం. పది దూకుళ్లకు ఒకటి దొరికేది, మోకాళ్లు మాత్రం ప్రతిసారీ పగిలేవి. నా పద్ధతి తాత నేర్పింది.

"తూనీగ కండ్లు ఎనకకు సుత చూస్తయి బిడ్డా," అనేవాడు తాత. "దానికి కనవడకుండ పోవుడు మన తోని కాదు. దానికి భయం గాకుండ పోవాలె. నీ నీడ దాని మీద వడొద్దు. ఊపిరి వడిగ ఇడువొద్దు. తెగిన పోగు ముడేసేటప్పుడు వేళ్లు ఎట్ల పోతయి? గట్ల పోవాలె."

పట్టాక చేసే పనులు ఇప్పుడు చెప్పుకోవడానికి అంత గొప్పవి కావు. తోకకు పోగు కట్టి ఎగరేసేవాళ్లం. కాళ్లకు చిన్న రాయి అందించి ఎత్తించేవాళ్లం. ఎవరి తూనీగ పెద్ద రాయి ఎత్తితే వాళ్లు గెలిచినట్టు. కాలేజీలో వాటినే అట్టకు గుండుసూదితో గుచ్చి, కింద లాటిన్ పేరు రాయమన్నారు. పోగు కట్టడమే కొంచెం మర్యాదగా అనిపించింది.

*

తాత పని గురించి చెప్పాలి. మగ్గం ఎక్కే ముందు పడుగును, అంటే చీర నిలువు పోగులన్నింటినీ, వీధిలో పొడుగునా చాచి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. వాడలో సగం పొడుగు పోయేది ఒక్క పడుగు. ఆరేదాకా బిగువుగా లాగి ఉండాలి. మధ్యలో వాన పడిందా, గంజి కరిగి పోగుకు పోగు అంటుకుంటుంది. తరువాత అది చీరకు పనికిరాదు, దేనికీ పనికిరాదు. అందుకే పడుగు చాచే పొద్దున ముందు తాత బయటికి రావాలి. తలకు రుమాలు చుట్టుకొని, వీధి నడుమ నిలబడి, కనుబొమ్మల మీద చెయ్యి పెట్టి చూసేవాడు. చూసేది మబ్బును కాదు, తూనీగలను.

అవి మోకాలెత్తున తిరిగితే పొద్దెక్కేసరికి వాన. నడుమెత్తున తిరిగితే ఆగి చూడాలి. గూన పెంకుల మీదికి పోతే ఫికర్ లేదు, చాచుకోవచ్చు.

"మబ్బు బరువుకు కిందికి దిగుతయి," అని ఆయన సిద్ధాంతం. "మనం గూడ గంతే గద. నెత్తి మీద బరువుంటే వంగుతం."

తడిగాలికి చిన్న పురుగులు కిందికి దిగుతాయనీ, వాటి కోసం ఇవి దిగుతాయనీ తరువాత నేను పుస్తకంలో చదివి, పిల్లలకు చెప్పి, పరీక్షలో అడిగాను. తాత సిద్ధాంతమే సులువుగా గుర్తుండేది.

ఆయన చాచమని "సాపుండ్రి" అంటే వాడ కదిలేది. తల అడ్డంగా ఊపితే ఎంత తొందరున్నా కర్రలు లోపలికి పోయేవి. మగ్గం మీద కూర్చోవడం ఆయన ఎప్పుడో మానేశాడు. ఈ ఒక్క పని మిగిలింది. దీని కోసం రుమాలు ఉతికించుకునేవాడు.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో నేను ఒక ఎర్ర తూనీగను పట్టి ఆయన ముఖం ముందు పెట్టాను. అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"తాతా, గిది చూడు."

ఆయన చూశాడు. తూనీగను కాదు, దానికి జానెడు అవతల.

"మంచిగున్నది," అన్నాడు.

"ఏం రంగున్నది?"

లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది, బాపు, అంటే మా నాన్న, నేస్తున్నాడు. తాత చెయ్యి చాచి నా తల తడుముకొని దగ్గరికి తీసుకున్నాడు.

"కండ్లకు పొరలొచ్చినయి బిడ్డా. పొద్దు మాపు తెలుస్తది. మనిషున్నడని తెలుస్తది. గంతే."

"బాపుకు చెప్త."

"చెప్పకు."

"ఎందుకు?"

"చెప్తే నన్ను పక్కకు కూసుండవెడుతరు. మన ఇంట్ల ముసలోనికి రెండే పనులున్నయి. ఒకటి తూనీగలు చూసుడు, రెండోది సచ్చుడు. మొదటిది గుంజుకుంటే మిగిలేది ఏంది, నువ్వే చెప్పు."

నేను లెక్కల్లో గట్టిదాన్ని కాదు గానీ ఆ లెక్క అర్థమైంది.

ఒప్పందం ఇలా కుదిరింది. పడుగు చాచే రోజు నేను ఆయన పక్కన నిలబడతాను. తూనీగలు కిందున్నాయా, ఆయన మోకాలు ముట్టుకుంటాను. నడుమెత్తున ఉన్నాయా, పంచె కొంగు పట్టుకుంటాను. పైన ఉంటే ఆయన చూపుడు వేలు పట్టి పైకి గుంజుతాను. చూసేవాళ్లకు ఏముంది, పిల్ల తాతను అంటిపెట్టుకొని ఉంది.

"ఏందే, తాతకు జిగురోలె అంటుకున్నవ్?" అని అవ్వ కూడా అంది ఒకసారి. "తాత మీద మస్తు ప్రేమా పావురం వచ్చింది ఈ నడుమ."

తాత నవ్వాపుకోవడానికి దగ్గేవాడు. ఆ వానకాలమంతా మా వాడ పడుగులు ఒక చిన్నపిల్ల మాట మీద ఆరాయి. ఒక్కటీ తడవలేదు. ప్రభుత్వంలో పనిచేసినప్పుడు కూడా నాకు అంత బాధ్యత ఎవరూ ఇవ్వలేదు.

*

బతుకమ్మ ఇంకా వారం ఉందనగా, సావుకారు నూలు తెచ్చి పడేశాడు. దసరాకు ఎర్ర గళ్ల చీరలు కావాలి. బాపు పడుగు సిద్ధం చేశాడు, అవ్వ గంజి కాచింది.

ఆ తెల్లారే మాకు ఇంకొక పని పడింది. పై వాడ పిల్లలు ఖాలా కొడుకుతో పందెం వేసుకున్నారు, ఏ వాడ ఎక్కువ తూనీగలు పడుతుందో అని. పందెం దేనికంటే, ఓడినవాళ్లు గెలిచినవాళ్లను ఒక దినమంతా "సర్కార్" అని పిలవాలి. మాకు అంతకంటే పెద్ద పదవులు తెలియవు.

తెల్లారగట్ల తూనీగలను పట్టడం పట్టడమే కాదు, ఏరుకోవడం. మంచుకు రెక్కలు తడిసి ఎగరలేవు. ఆ పొద్దున అవి మరీ కింద ఉన్నాయి. పడుగు కోసం పాతిన కర్రల మీద, గడ్డిపోచల మీద, గుమ్మాల పక్కన. వాడ పిల్లలంతా దిగారు. అందినదాన్నల్లా తెచ్చి ఖాలా ఇంటి వెనక తలుపు లోపలున్న కోళ్ల గంప కింద వేశాము. కోడిపెట్టను బయటికి పంపాము. గంప మీద ఖాలా పాత దుపట్టా కప్పాము.

"అరే, అండ్ల ఏం వెట్టిండ్రురా?" అని ఖాలా లోపలి నుంచి కేకేసింది.

"ఏం లేదమ్మీ. పట్టిన చీజులు."

"పట్టిన చీజులైతే నా దుపట్టా ఎందుకు?"

అప్పటికి నేను ఇంటికి పరుగెత్తుతున్నాను. తాత రుమాలు చుట్టుకొని వీధి నడుమకు వచ్చాడు. పక్కన పోయి నిలబడ్డాను. చూశాను. వీధిలో ఒక్కటి కూడా కింద లేదు. చేతికందని నాలుగైదు పెంకుల పైన తిరుగుతున్నాయి. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే పిల్లను. తాత వేలు పట్టి పైకి గుంజాను.

ఆయన పక్కనే కర్రకు చుట్టి ఉన్న పడుగు మీద చెయ్యి వేశాడు. నూలును రెండు వేళ్ల నడుమ నలిపాడు. ఇంకోసారి నలిపాడు. నేను ఆయనకు తెలియలేదేమో అనుకొని మళ్లీ వేలు గుంజాను, గట్టిగా.

"సాపుండ్రి," అన్నాడు తాత.

*

గంజి సగం ఆరేసరికి గాలి మళ్లింది. దుమ్ము లేచింది. బాపు కుంచె పట్టుకొనే తలెత్తి చూశాడు. మబ్బు పెద్దచెరువు దిక్కు నుంచి వస్తోంది, తీరిగ్గా, ఎవరి మీదా కోపం లేనట్టు.

"నాయినా! వాన!" అని అరిచాడు బాపు.

మగ్గాలన్నీ ఒకేసారి ఆగాయి. అట్లా ఆగడం నేను ఆ రోజే విన్నాను. ఇళ్లలోంచి జనం ఉరికొచ్చి కర్రలు పట్టుకున్నారు. చుట్టేస్తే పోగులు అంటుకుపోతాయి. వదిలేస్తే కరిగిపోతాయి. బిగువు తగ్గకుండా పొడుగ్గానే లోపలికి తీసుకుపోవాలి, అంత పొడుగు ఇల్లు వాడలో లేదు.

"ఇంట్లకెల్లి తీసుకపోండ్రి!" అని తాత కేక వేశాడు. "ముందు తలుపుల నుంచి ఎనక తలుపుల దాంక! ఆడికెల్లి ఖాలా ఇంట్లకు! తలుపులు తిన్నగున్నయి! నడువుండ్రి!"

అట్లాంటి ఆలోచన గంజి తాగి పెరిగిన మనిషికే వస్తుంది. ఆయనే ముందు కర్ర అందుకున్నాడు. గడప దాటి, నడిమింట్లోంచి, దేవుని పీట పక్క నుంచి, వంటింట్లో పొయ్యి మీదుగా, పెరట్లోకి. మా ఇల్లు ఆయనకు కాళ్లతో తెలుసు. ఎక్కడా తడబడలేదు. వెనక బాపు, బాపు వెనక వాడంతా, పడుగును తల ఎత్తున పట్టుకొని, చిన్న చినుకుల్లో. అవ్వ పొయ్యి మీది జొన్న గటక కుండను కాలితో పక్కకు తోసింది, చేతులు ఖాళీ లేవు.

ఖాలా ఇల్లు మాత్రం తాతకు తెలియదు. వెనక తలుపులు ఎదురెదురున్నా ఆయన ఎప్పుడూ ఆ గడప దాటలేదు. కోపం ఏమీ లేదు. ఆమెకు పరదా, ఈయనకు మడి. రెండూ కలిసి మంచి గోడ అయ్యాయి. ఆ రోజు ఖాలా పరదా పక్కకు లాగి తలుపు బార్లా తెరిచింది.

"రాండ్రి పెద్దయ్యా, జల్దీ రాండ్రి!"

తాత వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే తిన్నగా నడిచి, పట్టపగలు, అందరి ముందు, కోళ్ల గంప మీద పడ్డాడు.

గంప తలకిందులైంది. దుపట్టా ఎగిరింది. పొద్దున్నుంచి లోపల ఉన్న తూనీగలన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. వానగాలికి పైకి పోలేదు. మోకాలెత్తునే, ఆ చిన్న ఇంట్లో, మనుషుల కాళ్ల చుట్టూ, పడుగు కింద, గిరగిరా తిరిగాయి. తాత నేల మీద కూర్చున్నాడు. చేతిలో కర్ర మాత్రం నిలువుగానే ఉంది, పడుగు సడలలేదు.

ఎవరూ కదలలేదు. ఎట్లా కదులుతారు, అందరి చేతుల్లో పడుగు ఉంది.

"నాయినా," అన్నాడు బాపు. "గంత పెద్ద గంప కనవడలేదా?"

"కనవడలే," అన్నాడు తాత.

"నేను కనవడుతున్ననా?"

గొంతు వచ్చిన దిక్కు తాత తల తిప్పాడు. "నువ్వు మాట్లాడితే కనవడుతవు."

"ఎప్పటిసంది?"

"పోయినేటి సంది."

బాపు తన కాళ్ల చుట్టూ తిరుగుతున్న తూనీగలను చూశాడు. తరువాత ఖాలా కొడుకును, తరువాత నన్ను. కొట్టేవాడేమో. చేతులు ఖాళీ లేవు.

"మరి ఇన్ని దినాలు ఎవలు చూసిండ్రు?"

నేను పడుగు అంచు పట్టుకొని నిలబడ్డాను. తాత నా పేరు చెప్పలేదు. కానీ నా దిక్కే చెయ్యి చాచాడు, లేవడానికి. పోయి పట్టుకున్నాను. అందరికీ అర్థమైంది.

ఖాలా అందుకుంది. "జర సబర్ పట్టుండ్రి. ముందు గంజి ఆరనియ్యుండ్రి, లొల్లి తర్వాత చేసుకుందురు. యా అల్లా, నా కోడి యాడికి పోయింది?"

వాన గట్టిగా పట్టింది. లోపలికి వచ్చిన పడుగు ఆరేదాకా అట్లాగే నిలబడ్డాము, రెండిళ్ల పొడుగునా, దేవుని ముందు ఒకరు, పొయ్యి ముందు ఒకరు, గాజుల పెట్టె పక్కన ఒకరు. ఖాలా చాయ్ కాచి ఒక్కొక్కరి దగ్గరికీ తెచ్చింది. తాత దగ్గర ఆగింది. ఆయన రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయి. ఒక నిమిషం ఇద్దరూ ఆలోచించారు. తరువాత ఆయన నోరు తెరిచాడు. ఆమె సాసరుతో తాగించింది.

"శక్కర తక్కువైందా?" అంది.

"కాలేదు బిడ్డా. సరిపోయింది," అన్నాడు తాత. ఆయన చాయ్ ఎప్పుడూ తాగడని, వేడి చేస్తుందంటాడని, వాడలో అందరికీ తెలుసు.

*

లోపలికి వచ్చిన సగం బతికింది. వీధిలో మిగిలిన సగం మీద గొంగళ్లు కప్పారు గానీ అట్ట కట్టింది. బతికిన సగంలోనూ ఎర్ర రంగు తెల్ల గళ్లలోకి పాకింది. సావుకారు దాన్ని పట్టి చూసి, ఒక్క మాట కూడా అనకుండా కింద పెట్టాడు. తిడితే బాగుండేదని బాపు చాలా రోజులు అన్నాడు.

ఆ బతుకమ్మకు వాడ పిల్లలందరికీ అదే బట్ట. లాగులు, లంగాలు, ఖాలా కొడుకుకు ఒక అంగీ. దూరం నుంచి చూస్తే మాకందరికీ ఒకే రకం తట్టు పోసినట్టు ఉండేది. పై వాడ వాళ్లు మమ్మల్ని "సర్కార్" అనలేదు. వాళ్లు పెట్టిన పేరు ఇక్కడ రాయను.

నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పెద్దవాళ్లు అంత అలసిపోయి ఉన్నారు.

తరువాతి పడుగు రోజు తాత పొద్దున్నే రుమాలు చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వీధిలో బాపు, ఇంకో ఇద్దరు ఆకాశం చూసి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకొని, కర్రలు పాతారు. ఎవరూ పిలవలేదు. పిలవొద్దని కాదు. కష్టపెట్టడం ఎందుకని. మర్యాదకే పిలవలేదు. నేను పోయి పక్కన నిలబడి, చూసి, ఆయన వేలు పైకి గుంజాను. ఆయన తల ఊపాడు. "సాపుండ్రి," అన్నాడు, నాకు మాత్రమే వినిపించేటట్టు. అప్పటికే పడుగు చాచి ఉంది.

ఆ తరువాత రుమాలు చుట్టుకోలేదు.

చలి మొదలయ్యాక ఒకరోజు అరుగు మీద ఎండకు కూర్చొని, "ఒక తూనీగ పట్టుకరా బిడ్డా," అన్నాడు. చివరి తూనీగలు అవి, నీరసంగా ఉండేవి. ఒకటి తెచ్చి ఆయన వేళ్ల నడుమ పెట్టాను. రెక్కలు నలగకుండా పట్టుకున్నాడు, పోగు పట్టుకున్నట్టు.

"ఆనాడు పడుగు మీద చెయ్యేసిన, యాదికున్నదా?" అన్నాడు.

"ఉన్నది."

"నూలు మెత్తగ తాకింది. వాన తాకుడు అది. నా యేళ్లకు ఎర్కే."

నేను ఆయన పక్కన అరుగు ఎక్కి కూర్చున్నాను.

"ఎర్కుంటే మరి సాపుమని ఎందుకన్నవ్ తాతా?"

"నువ్వు వేలు పైకి గుంజినవ్ గద," అన్నాడు. కోపంగా కాదు, కారణం చెబుతున్నట్టు. తరువాత వేళ్లు విప్పాడు. తూనీగ వెంటనే పోలేదు. కాసేపు ఆయన చేతి మీదే కూర్చుంది.

కొన్నేళ్లకు ఊరికి కరెంటు వచ్చింది, దాని వెనకే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, వచ్చాయి. పడుగులు షోలాపూర్ నుంచి గంజి పట్టించుకొని, దిండ్లనే ఇనుప రోలర్లకు చుట్టుకొని, లారీ దిగేవి. వానకు భయం లేదు. వీధిలో కర్రలు పాతే పని లేదు. బాపు షెడ్డులోకి పోయాడు. ఆ చప్పుడులో వినికిడి పోగొట్టుకున్నాడు. మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్కటి పోగొట్టుకుంటూ వచ్చారు, వంతుల వారీగా. తాత అప్పటికి లేడు. ఆయన లెక్కలో రెండో పని కూడా పూర్తి చేశాడు.

నేను చదువుకున్నాను. ఎందరికో ఎన్నో చెప్పాను, జీతం తీసుకున్నాను. కానీ తన వేళ్లకు తెలిసినదాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మిన మనిషి ఆయన ఒక్కడే. ఆ తరువాత నా మాట నమ్మి ఎవరూ నష్టపోలేదు. ఎవరూ నమ్మలేదు గనుక.

*

బకెట్టు అంచు మీది తూనీగ ఇంకా ఉంది. నా వేళ్లు దాని వెనక జానెడు దూరంలో ఆగాయి. నీడ సరిగ్గానే పడింది, ఊపిరి సరిగ్గానే పట్టాను. ఇక మిగిలింది ముయ్యడమే.

ముయ్యలేదు. అది లేచింది. పైకి పోలేదు. దుప్పట్ల కింద ఒక చుట్టు తిరిగి వచ్చింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. అన్నీ మోకాలెత్తునే. ఎండ బాగానే కాస్తోంది. కోడలు చివరి దుప్పటికి క్లిప్పు పెడుతోంది.

చెప్పాలనుకున్నాను. ఫోన్ వేరే చెప్పింది గదా. నా చెయ్యి మాత్రం మెల్లగా కిందికి దిగి, నా మోకాలి మీద ఆగింది. రెండుసార్లు తట్టింది.

కోడలు చూసింది. చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

"మోకాలు నొస్తుందా అత్తమ్మా?"

"ఆఁ," అన్నాను. "జర నొస్తుంది."